సువా పొద్దుకు లెక్క కట్టినావిడ

సువా పక్కన వాలేలేవులో మేం సరుకులు తెచ్చుకునే దుకాణంలో, బియ్యం బస్తాల వెనక గోడకి ఒక కాగితం అతికించి ఉంటుంది. ఏడాది పొడుగునా వచ్చే పండుగలు, ఏకాదశులు, చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో పెద్దలకి పెట్టుకునే తిథులు, ఏది ఏ తేదీన పడుతుందో అందులో ఉంటుంది. పోయిన శనివారం కందిపప్పు తూస్తూ దుకాణదారు అడిగాడు.

"దీదీ వాలా కాగజ్ కబ్ ఆయీ?"

దీదీ కాగితం ఎప్పుడొస్తుందని. దీదీ పోయి నెల కూడా కాలేదు. ఆ సంగతి అతనికి తెలియక కాదు, దహనానికి వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. మనిషి పోయినా కాగితం మాత్రం వస్తుందని అతని నమ్మకం. "వస్తుంది, నేనే తెచ్చిస్తా" అన్నాను. అని, తూయించిన పప్పు అక్కడే వదిలేసి బస్సెక్కాను. ఇంటికొచ్చాక ఉత్త సంచీ చూసి మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం నుంచి ఆవిడ గురించి రాయాలనే ఉంది.

ఆవిడని అందరూ దీదీ అనేవాళ్ళు. నేనొక్కదాన్నే అక్కా అనేదాన్ని, ఎందుకంటే మా ఆఫీసు మొత్తంలో తెలుగు మాట్లాడుకోడానికి మేమిద్దరమే. ఉత్తరాన ఇంకో దీవిలో, బులిలేకాలో చెరకు రైతు కూతురు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన రోజు బడిలో ఇచ్చిన కాగితపు జెండాని చినిగిపోయేదాకా ఊపానని చెప్పేది. కంప్యూటరంటే గదంత ఉండే రోజుల్లో సువా వచ్చి, అట్టకార్డులకి చిల్లులు కొట్టే ఉద్యోగంలో చేరింది. నేను చేరేసరికి మా సెక్షనుకి ఆవిడే పెద్ద. మాతో పనిచేసినవాళ్ళు ఒక్కొక్కరే, సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టకముందు ఒకరు, పడగొట్టాక ఒకరు, ఆక్లండుకీ సిడ్నీకీ సర్దుకుంటుంటే, వాళ్ళ కుర్చీల్లో మిగిలిన పనంతా తన బల్ల మీదికి లాక్కునేది. "నువ్వెప్పుడు దీదీ?" అని ఎవరైనా అంటే, "నాకు ఇక్కడ పని ఉంది" అనేది. అంతకు మించి ఒక్క మాట కూడా వచ్చేది కాదు.

ఆవిడ తెలుగు చెరకు తోటల తెలుగు. సగం హిందీ, పావు ఇంగ్లీషు, మిగతాది వాళ్ళ నాయనమ్మది. నాదేమో మా నాన్న ఆదివారాలు గుడి వరండాలో పలక మీద దిద్దించిన తెలుగు. "నువ్వు మాట్లాడితే పేపర్ చదివినట్టు ఉంటది పిల్లా" అని ఏడిపించేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. జుట్టు ముడి చుట్టి అందులో ఒక పెన్సిలు గుచ్చుకునేది. ఆ పెన్సిలు బయటికి తీసిందంటే మాలో ఎవరికో మూడినట్టే.

ఆవిడ నోట ఎప్పుడూ ఉండే మాట ఒకటుంది. "ఎవరింట్లో?"

మేం ప్రోగ్రాంలో తప్పు వెతుక్కుంటూ, "ఇక్కడ మొత్తం అనే పేరులో పది ఉండాలి దీదీ, సున్నా వస్తోంది" అంటామా, ఆవిడ పెన్సిలు తీసి, అంచులకి చిల్లులున్న పొడుగు కాగితం వెనక్కి తిప్పి ఒక ఇల్లు గీసేది. దాని చుట్టూ ఇంకో పెద్ద ఇల్లు. "మొత్తం అంటున్నావే, ఎవరింట్లో మొత్తం? లోపలింట్లో ఒకడు ఉన్నాడు ఆ పేరుతో, బయటింట్లో ఇంకొకడు ఉన్నాడు. మా ఇంట్లో చిన్నోడా అంటే మా తమ్ముడు పలుకుతాడు. మీ ఇంట్లో పిలిస్తే మీ తమ్ముడు. లోపల ఎవరూ లేకపోతేనే బయటికి పోయి వెతుకుతుంది." పుస్తకంలో ఇరవై పేజీలు చదివినా ఎక్కని సంగతి ఆ రెండు పిచ్చి ఇళ్ళతో నాకు ఎక్కింది.

అది ఆఫీసు దాటి వచ్చేసింది కూడా. బజారులో ఎవరైనా "ఫలానా వాళ్ళ అమ్మాయి గురించి అందరూ అంటున్నారు" అన్నారనుకోండి, ఆవిడ కూరగాయలు ఏరుతూనే, "అందరూ అంటే ఎవరింట్లో?" అనేది. మాట అక్కడికక్కడే చచ్చేది. ఈ అలవాటు వల్ల ఆవిడని కబుర్లకి పిలిచేవాళ్ళు తక్కువ.

ఇక ఆ కాగితం ఎలా పుట్టిందో చెప్పాలి. మా తెలుగు సంఘం వాళ్ళు ఏటా ఉగాది చేస్తారు. ఇండియా నుంచి పోస్టులో లక్ష్మీదేవి బొమ్మ కేలండరు వస్తుంది, అందులో ఏ రోజుంటే ఆ రోజు. ఒక ఏడు కమిటీ మీటింగులో అందరూ యంగోనా వేరు కలిపిన నీళ్ళ గిన్నె చుట్టూ కూర్చుని, తాగే కొబ్బరి చిప్పలు చేతులు మారుతుండగా, ఆవిడ లేచి నిలబడి ఉగాది సోమవారం కాదు, మంగళవారం అంది.

సంఘం ప్రెసిడెంటు గారు మందుల షాపు ఆయన. మంచివాడే. ఎవరితోనూ గొడవ పెట్టుకోడం ఇష్టం లేనివాడు, అదొక్కటే ఆయన జబ్బు. "కేలండర్లో సోమవారం అని క్లియర్‌గా ఉంది దీదీ. ఇండియా నుంచి వచ్చింది" అన్నాడు.

"ఇండియాలో సోమవారమే. అక్కడ పొద్దు లేచేసరికి మనకి మధ్యాహ్నం పన్నెండు దాటిపోద్ది. సోమవారం మన పొద్దు లేచినప్పుడు ఇంకా అమావాస్యే ఉంది. అమావాస్య నాడు ఉగాది ఎవరు చేస్తారు?"

"పంచాంగం రాసినోళ్ళకి ఇదంతా తెలీదా?"

"వాళ్ళకి వాళ్ళ ఊరు తెలుసు. వాలేలేవు తెలుసా? మా నాయనమ్మకి కేలండర్ ఎవరిచ్చారు? వాకిట్లో నిలబడి పైకి చూసి చెప్పేది. ఈ ఆకాశం చూసే చెప్పింది, ఆ ఆకాశం కాదు."

ప్రెసిడెంటు గారు కాసేపు గడ్డం గోక్కుని, "హాల్ సోమవారానికి బుక్ అయిపోయింది దీదీ" అన్నాడు.

"హాఁ, అది చెప్పు. తిథి హాల్ చూసుకుని వస్తది అన్నమాట" అని ఆవిడ కూర్చుంది.

సోమవారం నాడు హాల్లో మూడొందల మంది ఉగాది చేశారు. మంగళవారం ఆవిడ ఇంటి వెనక రేకుల పంచలో ఆరుగురం చేశాం. మాకు ఉగాదికి వసంతం ఉండదు, వానలు వెనకబడుతూ ఉంటాయి. మామిడికాయల కాలమూ కాదు. ఆవిడ పుల్లటి కమ్రక్ కాయలు సన్నగా తరిగి పచ్చడిలో వేసింది. రేకుల మీద వాన హోరుకి ఆవిడ ఏం చదివిందో మాకెవరికీ వినపడలేదు. అయినా పూర్తిగా చదివింది. మరుసటేడూ అంతే చేసింది. మూడో ఏటికి మేం నలభై మందిమయ్యాం, హాల్లో జనం పలచబడ్డారు. అప్పుడు ప్రెసిడెంటు గారే వాళ్ళింటికి వచ్చి, "ఇకనుంచి లెక్క మీరే రాసివ్వండి" అన్నాడు. ఆవిడ పొంగిపోలేదు. వచ్చే ఏటిది ఎప్పటికి కావాలని మాత్రం అడిగింది.

ఆవిడ చేత్తో ఒకటి రెండు తిథులు కట్టగలదు కానీ, ఏడాదంతా కట్టాలంటే కష్టం. అందుకని ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులో ప్రోగ్రాం రాసింది. ప్రోగ్రాం సంగతి తెలియని వాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. ఒక లెక్క ఎలా చెయ్యాలో ఒకసారి రాసి దానికో పేరు పెడితే దాన్ని ఫంక్షన్ అంటాం. ఆ తర్వాత పేరు పిలిస్తే చాలు, లెక్క జరిగిపోతుంది. ఆవిడ దగ్గర రెండు ఫైళ్ళుండేవి. మొదటి దాంట్లో సూర్యోదయం, సూర్యాస్తమయం అనే ఫంక్షన్లు బెజవాడ లెక్కతో ఉండేవి. అక్కడ అచ్చయిన పంచాంగంతో పోల్చుకుని, తన గణితం సరిగ్గా ఉందని రూఢి చేసుకోడానికి. రెండో ఫైల్లో అవే పేర్లకి మళ్ళీ సువా లెక్క రాసింది. కంప్యూటరు రెండో ఫైలు చదివిన క్షణం నుంచి సూర్యోదయం అని ఎవరు పిలిచినా సువా పొద్దే పలకాలి.

పండుగలకి చాలావరకు సూర్యోదయం చూస్తే సరిపోతుంది. పెద్దలకి పెట్టే తిథికి అపరాహ్నం చూడాలి. పగటిని ఐదు భాగాలు చేస్తే అందులో నాలుగోది. ఇళ్ళవాళ్ళు మా నాన్న తిథి ఎప్పుడు, మా అమ్మది ఎప్పుడు అని అడగడం మొదలుపెట్టాక, అపరాహ్నం అనే ఫంక్షన్ రాసే పని ఆవిడ నాకు ఇచ్చింది. నాకు అప్పుడు పాతికేళ్ళు. ఆవిడ ఇంత పెద్ద పని నా చేతిలో పెట్టిందని నేల మీద నడవలేదు. మొదటి ఫైలు చివర వారంలో రాసేశాను. కంప్యూటరు మరీ నిదానం కదా, ప్రతిసారీ సూర్యోదయం, సూర్యాస్తమయం ఎక్కడున్నాయని బయట వెతుక్కోడం ఎందుకని, నా తెలివంతా వాడి, వాటిని మొదట్లోనే నా ఫంక్షన్ లోపల చెరొక పేరుకి కట్టేశాను. లెక్క కొంచెం తొందరగా నడిచింది. ఆవిడ కాగితం మీద అచ్చు తీయించుకుని, స్కేలు పెట్టుకుని వరసగా చదివి, చివర పెన్సిలుతో టిక్కు పెట్టింది. ఆ టిక్కు ఉన్న కాగితం చాలాకాలం నా సొరుగులో దాచుకున్నాను.

ఏడాది గడిచింది. ఆవిడకి ఒక అలవాటుండేది, నెలకి ఒక తిథి చేత్తో లెక్కకట్టి కాగితంతో పోల్చుకోవడం. "యంత్రం మీద నమ్మకం లేదా అక్కా?" అంటే, "యంత్రం మీద ఉంది. మన మీదే లేదు" అనేది. అప్పటిదాకా ఆవిడ చేత్తో చూసినవన్నీ సరిపోయాయి. జూలైలో ఒక మంగళవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి పెన్సిలు ముడిలో లేదు, చేతిలో ఉంది.

"ఇటు రా. ఈ ఇంటోళ్ళ తిథి చేతి లెక్కకి శుక్రవారం వస్తోంది. కాగితంలో గురువారం ఉంది."

చేతి లెక్క తప్పేమో అన్నాను. రెండుసార్లు వేశానంది. మూడోసారి నా ముందు వేసింది. శుక్రవారమే. ప్రోగ్రాం అచ్చు తీసి, స్కేలు పెట్టుకుని కిందికి వస్తూ వస్తూ నా ఫంక్షన్ మొదటి వరస దగ్గర ఆగింది. కాగితం తిప్పి ఇల్లు గీసింది. లోపల చిన్న గది గీసింది.

"నీ గదిలో కట్టేసి పెట్టుకున్న సూర్యోదయం ఎప్పుడు కట్టావు?"

"ఫైలు చదివేటప్పుడు."

"అప్పటికి సువా ఫైలు చదివిందా?"

చదవలేదు. బయట సూర్యోదయం అనే పేరు సువాకి మారిపోయింది. పండుగల లెక్కలు ఎప్పటికప్పుడు పేరు పెట్టి పిలుస్తాయి కాబట్టి వాటికి సువా పొద్దే దొరికింది. నా ఫంక్షన్ మాత్రం పాతదాన్ని గదిలో కట్టేసుకుని కూర్చుంది. ఏడాదిగా మా ఊళ్ళ పెద్దలందరికీ నేను బెజవాడ పొద్దుతో తిథులు పెట్టిస్తున్నాను! మూడేళ్ళు ఆవిడ కమిటీతో ఏ తప్పు గురించి పోట్లాడిందో, అదే తప్పు ఆవిడ కాగితంలోకే నా చేతుల మీదుగా వచ్చి చేరింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

"ఏడుపు తర్వాత. వరస సరిచేసి మళ్ళీ నడుపు" అంది.

నడిపాం. చాలా తేదీలు రెండు లెక్కలకీ ఒకటే వచ్చాయి, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు. పదకొండు మారాయి. మూడు ఇంకా రావలసినవి, దిద్దుకోవచ్చు. ఏడు అయిపోయినవి. మిగిలిన ఒకటి ఆ రోజుదే. బులిలేకాలో ఒక ముసలావిడ భర్తకి మొదటి సంవత్సరీకం. మా కాగితంలో మంగళవారం అని ఉంది. అసలు తిథి బుధవారం.

అక్క ముందు ప్రెసిడెంటు గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గొంతు నాకూ వినపడుతూనే ఉంది.

"రాబోయేవి దిద్దేయండి దీదీ. అయిపోయినవి ఎవరికి తెలుసు? ఎందుకు చెప్పడం?"

"నాకు తెలుసు గదా."

"నా మాట వినండి. ఇది బయటికొస్తే కమిటీలో మళ్ళీ పాత కేలండరే అంటారు. నేను కూడా ఆపలేను. మీ ఇన్నేళ్ళ కష్టం పోతుంది."

"పోతే పోతుంది. తప్పు కాగితం గోడకి ఉండి ఏం చెయ్యాల?" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక కాసేపు ఆ ఫోను మీద చెయ్యి తియ్యలేదు. ఆవిడకి ఆ కాగితం ఎంతో నాకు తెలుసు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, ఇంకెక్కడికీ పోలేదు. సంఘం వాళ్ళు తన లెక్కని గోడకి అతికించుకున్న రోజు ఆవిడ మొహం నేను చూశాను.

బులిలేకాకి కూడా ఫోన్ చేద్దామన్నాను. "చేస్తే కొడుకు ఎత్తుతాడు. విని ఊరుకుంటాడు, తల్లికి చెప్పడు. విమానం ఎన్నింటికి?" అంది.

ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు. ఊరికి ఎప్పుడు వెళ్ళినా ఓడే. సువా దగ్గర నౌసోరీలో చిన్న విమానం ఎక్కేముందు మనుషుల్ని కూడా సామానుతోపాటు త్రాసు మీద తూస్తారు. ఆవిడ గొడుగు పట్టుకునే ఎక్కింది. దించమంటే, "ఇది లేకుండా నేను ఎక్కడికీ పోను, దీన్ని కూడా తూచు" అంది. లోపల నా మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, పాడ్యమి నుంచి తిథుల పేర్లు వరసగా అప్పజెప్పుకుంది. దశమి దగ్గర విమానం ఒక్కసారి కిందికి జారింది. మళ్ళీ పాడ్యమి నుంచి మొదలుపెట్టింది. బులిలేకాకి దగ్గర్లోని లంబాసాలో దిగేసరికి నా చెయ్యి కందిపోయింది. ఆవిడ నేల మీద కాలు పెట్టి, చీర సర్దుకుని, టాక్సీ ఎక్కడని అడిగింది.

మేం వెళ్ళేసరికి సాయంత్రం నాలుగున్నర. చెరకు కోతల రోజులు, దారంతా లారీలు. ఆ ఇంట్లో భోజనాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. పెద్దకొడుకు పెరట్లో పెద్ద గిన్నెలు తోముతున్నాడు. అతను చెరకు కోసే గ్యాంగుకి మేస్త్రీ, మర్నాడు వాళ్ళ పొలంలోనే కోత. ముసలావిడ వసారాలో పీట మీద కూర్చుని ఉంది. అక్కని చూసి గుర్తుపట్టింది, ఒకే ఊరివాళ్ళు.

"నువ్వా బిడ్డా! బైఠో, బైఠో. ముందు అన్నం తిను, చాలా మిగిలింది."

"చెప్పిన తర్వాత తింటా పిన్నమ్మా. కాగితంలో నేను రాసిన తేదీ తప్పు. చిన్నాయన తిథి ఇయ్యాల కాదు. రేపు."

కొడుకు గిన్నె వదిలేసి వచ్చాడు. "కా? ఏం మాట దీదీ ఇది? అరవై మందికి వండినాం! అందరూ తిని పోయినారు. ఇప్పుడొచ్చి రేపు అంటావా? హోయ్ గయిస్ తో హోయ్ గయిస్. అయిందేదో అయింది, అమ్మకి ఎందుకు చెప్తావు?"

ఇక ఆగలేక, "తప్పు అక్కది కాదు, నేను..." అన్నాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. "ఈ పిల్ల రాసింది, నేను చూసి టిక్కు పెట్టిన. టిక్కు పెద్దది. తప్పు నాది, బాబూ."

ముసలావిడ వాకిలి వైపు వేలు చూపింది. "మధ్యాహ్నం అక్కడ ముద్ద పెట్టినాం. ఇక్కడ కాకులు లేవు గదా, గోరింకలే. రెండు వచ్చి తినేసినాయి. ఆయన వచ్చి తిని పోయినాడని నేను అనుకున్న" అంది. "అయితే రాలేదా బిడ్డా?"

నేనైతే ఏదో ఒక మెత్తని అబద్ధం చెప్పేదాన్ని. వచ్చాడమ్మా, మనసుంటే చాలు, అని. అక్క చెప్పలేదు.

"వచ్చినాడో లేదో నాకు తెలీదు పిన్నమ్మా. నాకు తెలిసింది తిథి ఒక్కటే. అది రేపు. ఒంటిగంటన్నర నుంచి మూడున్నర లోపల."

ముసలావిడ పీట మీద నుంచి లేచింది. తర్వాత కొడుకుతో, "ఆ గిన్నెలు లోపల పెట్టొద్దు. రేపు కావాల" అంది.

"రేపు ఎవరొస్తారు అమ్మా? అందరికీ కోతలు!"

"మీ నాయన వస్తాడు. నాకు అంతే కావాల."

ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. బుధవారం పొద్దున అక్క చీర కొంగు దోపి గుమ్మడికాయ తరిగింది. నేను పప్పు రుబ్బాను. ముసలావిడ పొయ్యి దగ్గర ఎవర్నీ రానివ్వలేదు, వంటంతా తనే చేసింది. ఒంటిగంటకి కొడుకు కోత మీద నుంచి వచ్చాడు. కాల్చిన చెరకు మసి ఒళ్ళంతా ఉంది. మాతో మాట్లాడలేదు. స్నానం చేసి, తండ్రి ఫొటో ముందు కూర్చుని, తల్లి చెప్పినట్టల్లా చేశాడు. ముద్ద వాకిట్లో పెట్టి వచ్చాక, మా ఇద్దరికీ తనే అరిటాకులు వేశాడు. నేను తల వంచుకుని తిన్నాను. అక్క అడిగి మరీ మారు వడ్డించుకుంది.

చెయ్యి కడుక్కుని, ఆవిడ సంచీలోంచి మడిచిన కాగితం తీసింది. అయిపోయిన ఏడు ఇళ్ళలో నాలుగు అక్కడివే, ఆ చెరకు రైలు పట్టాల వెంబడే. ముసలావిడ అడిగితే సంగతి చెప్పింది.

"వాళ్ళవి అయిపోయినాయి గదా బిడ్డా. రేపు అని కూడా చెప్పలేవు. చెప్తే ఏం లాభం? తిడతారు."

"తిడతారు. ఇంకో ఏడాది ఈ కాగితం నమ్మాలో లేదో వాళ్ళే చూసుకోవాల. దాచిపెట్టి నమ్మించలేను పిన్నమ్మా."

అక్క కాగితం మళ్ళీ మడిచి సంచీలో పెట్టుకుంది. లేచి నిలబడింది. నేనూ లేచాను. ముసలావిడ లోపలికి వెళ్ళింది, వీడ్కోలుకి కుంకుమ తెస్తుందనుకున్నాం. చెప్పులేసుకుని, తల మీద కొంగు కప్పుకుని వచ్చింది.

"పద."

"నువ్వెందుకు పిన్నమ్మా, ఈ ఎండలో?"

ముసలావిడ అప్పటికే వాకిలి దాటింది. ముందు ఆమె, వెనక అక్క, ఆ వెనక నేను, పట్టాల పక్కన నడిచాం. మొదటి ఇంటి గేటు దగ్గర కుక్క మొరిగింది. అక్క ముందుకు రాబోతుంటే ముసలావిడ చేత్తో ఆపి, గేటు పట్టుకుని లోపలికి కేకేసింది.

"ఇంట్లో ఎవరున్నారే? మీ మామ తిథి తప్పు రోజున పెట్టినారంట. మాది కూడా అంతే, ఇయ్యాల మళ్ళీ పెట్టినాం. ఈ బిడ్డ ఆ మాట చెప్పను సువా నుంచి వచ్చింది. ముందు కుర్చీ వెయ్యండి. తర్వాత కోప్పడండి."